రెండో బంతికి ఇద్దరు

ఆలివ్ నోయిస్ ఊపిరితిత్తిలో మచ్చ పూర్తిగా మానిపోయిందని డాక్టరు చెప్పిన రోజు సౌతాంప్టన్‌లో సన్నగా వాన పడుతోంది. పదకొండు వారాలు ఆసుపత్రి మంచం మీద గడిపిన మనిషి, ఆ వానలో గొడుగైనా విప్పకుండా బస్‌స్టాపు దాకా నడిచింది. ఆమె భర్త విల్ఫ్ రెండు చేతుల్లో రెండు సంచులు పట్టుకుని వెనకాలే వచ్చాడు.

"తడుస్తున్నావు ఆలివ్. గొడుగు విప్పవే."

"తడిస్తే ఏమైంది? ఫోటో తీసి మరీ చూపించాడుగా, ఏమీ లేదని. రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ లేదనే అన్నాడు."

"నేను మూడుసార్లు అడిగాను," అన్నాడు విల్ఫ్. "నువ్వు కోటు వేసుకుంటుంటే ఇంకోసారి లోపలికెళ్ళి అడిగొచ్చా."

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక ఆలివ్‌కి ఊరికే నవ్వొచ్చింది. నవ్వితే దగ్గు వస్తుందేమోనని అలవాటుగా భయపడింది. రాలేదు. ఇంకొంచెం గట్టిగా నవ్వి చూసింది. అప్పుడూ రాలేదు.

"నీకేం కావాలో అడుగు," అన్నాడు విల్ఫ్. "ఏదైనా సరే. ఇవాళ నేను దేనికీ కాదనను."

ఆలివ్ ఆలోచించుకోనక్కర్లేకపోయింది. "నీ ఓడెక్కాలి. ఆర్మోరికా. భోజనాల హాల్లో నీకెదురుగా కూర్చుని తినాలి. అంతే."

విల్ఫ్ ఆర్మోరికాలో ముప్పై ఒక్క ఏళ్ళు ప్రయాణికుల గదులు చూసుకునే క్యాబిన్ స్టూవర్డుగా పనిచేసి సెప్టెంబరులో దిగిపోయాడు. వాళ్ళ వీధిలో ప్రతి ఇంటికీ ఒక మగాడు ఏదో ఒక ఓడ మీద ఉంటాడు. పదిహేను రోజులకోసారి చుట్టంలా వచ్చి, రెండు రాత్రులు పడుకుని, ఇస్త్రీ చేసిన చొక్కాలు పట్టుకుని పోతాడు. పెళ్ళయిన ఇరవై తొమ్మిదేళ్ళలో ఆలివ్, విల్ఫ్ కలిసి చేసుకున్న క్రిస్మస్‌లు నాలుగు. ఓడరేవు పక్కన లాండ్రీలో ఆలివ్ ఇస్త్రీ పని చేసేది. ఆర్మోరికా బల్లల మీద పరిచే గుడ్డలన్నీ ఆమె చేతి మీదుగా పోయినవే. ఆ బల్లల్ని మాత్రం ఆమె ఒక్కసారీ చూడలేదు. ఆయన ఓడ దిగి ఇంటికొచ్చిన వారానికే ఆమె దగ్గుతూ ఆసుపత్రిలో చేరింది.

"చలికాలంలోనా?" అన్నాడు విల్ఫ్. "జనవరిలో అట్లాంటిక్ ఎలా ఉంటుందో తెలుసా?"

"నువ్వు చెప్పగా చెప్పగా నాకు నోటికొచ్చేసింది. పోనీ వేసవి దాకా ఆగుదామంటే ఓడ ఉంటుందా?"

ఉండదు. మార్చిలో ఆర్మోరికాని పాత ఇనుముకి అమ్మేస్తున్నారని ఊరంతా తెలుసు. జనమంతా విమానాల వైపు చూస్తున్నారు.

టికెట్లు కొట్టే ఆవిడ వచ్చి, "ఎక్కడికమ్మా?" అంది.

"న్యూయార్క్‌కి," అంది ఆలివ్.

"ఈ బస్సు రేవు గేటు దాకానే. అక్కడ దిగి ఈదుకుంటూ పో తల్లీ," అని రెండు టికెట్లు చింపి చేతిలో పెట్టింది.

*

వారం తిరిగేసరికి వాళ్ళ వంటింటి బల్ల మీద ఓడ మొత్తం పరుచుకుంది. ప్రయాణికులకని కంపెనీ వాళ్ళిచ్చే పెద్ద పటం అది. ఒక్కో అంతస్తూ విడివిడిగా గీసి, క్యాబిన్‌లకి గులాబీ రంగు, హాళ్ళకి పసుపు రంగు వేశారు. చుట్టుకుపోకుండా ఒక మూల టీ కెటిల్, ఒక మూల జామ్ సీసా, మిగతా రెండు మూలలకీ విల్ఫ్ చెప్పులు పెట్టారు.

"బల్ల మీద చెప్పులేమిటి, అరిష్టం!" అంది ఆలివ్.

"అరిష్టం కొత్త బూట్లకి. ఇవి పాతవి," అని విల్ఫ్ పెన్సిలు చెవి వెనక నుంచి తీశాడు.

ఆయన్ని అంత ఉత్సాహంగా ఆలివ్ చాలా రోజుల తర్వాత చూస్తోంది. ఆసుపత్రి రోజుల్లో మొహంలో రక్తం లేకుండా తిరిగిన మనిషి, ఇప్పుడు పటం మీదకి వంగి పెళ్ళి పెద్దలా హడావుడి చేస్తున్నాడు.

"చలికాలంలో అందరూ చేసే పొరపాటు ఏమిటంటే, పైన గాలి వెలుతురూ ఉంటాయని పై అంతస్తులో క్యాబిన్ అడుగుతారు. పైన ఊగినంత ఇంకెక్కడా ఊగదు. మనకి కింద కావాలి. అందులోనూ నడిమధ్య. ఇదిగో, సి అంతస్తులో నూట పద్దెనిమిది. గోడ వెనకాల వేడినీళ్ళ గొట్టాలు పోతాయి. నీ ఛాతీకి వెచ్చగా ఉంటుంది."

"సరే. తిండి?"

"మొదటి రెండు రోజులూ వేపుళ్ళ జోలికి పోకు. ఎండు బిస్కెట్లు, పచ్చి ఆపిల్. ఓడ మరీ ఊగితే బల్ల మీద గుడ్డని తడుపుతారు, పళ్ళాలు జారకుండా."

"అందుకా అవి నాకు అంత నిమ్మెక్కి వచ్చేవి!" అంది ఆలివ్. "జనవరి మూటలంటే లాండ్రీలో ఆడవాళ్ళందరికీ ఏడుపు. పదేళ్ళు తిట్టాను ఆ గుడ్డల్ని."

"చూశావా, సముద్రాన్ని తిట్టాల్సింది, గుడ్డల్ని తిట్టావు."

ఆయన పెన్సిలుతో దారి గీయడం మొదలుపెట్టాడు. క్యాబిన్ నుంచి మెట్ల దాకా, మెట్ల నుంచి భోజనాల హాలు దాకా ఒక గీత. అది ఆలివ్ దారి. దానికి పక్కనే ఇంకో గీత మొదలై, నాలుగు అంగుళాలు పోయాక గులాబీ రంగూ పసుపు రంగూ దాటి, పటంలో ఏ రంగూ లేని తెల్లటి చోటులోకి దిగింది. అక్కడ గదుల్లేవు, పేర్లు లేవు, తలుపులు లేవు. అయినా విల్ఫ్ చెయ్యి ఆగలేదు. కుడికి తిరిగింది, నేరుగా వెళ్ళింది, ఎడమకి తిరిగి మళ్ళీ నూట పద్దెనిమిది దగ్గర బయటికొచ్చింది.

"ఇదేమిటి, అచ్చు వెయ్యడం మర్చిపోయారా?" అంది ఆలివ్ ఆ తెల్లటి చోటు మీద వేలు పెట్టి.

"అది మాది. పనివాళ్ళ దారి. ప్రయాణికులకి అనవసరం కాబట్టి పటంలో చూపించరు. ఓడలో ఈ కొస నుంచి ఆ కొస దాకా ఉంటుంది. మా బతుకంతా అందులోనే."

"మరి నువ్వు అందులోంచి రావడమేమిటి? నాతో పాటు మెట్లెక్కవా?"

విల్ఫ్ మొహం వెలిగింది. చిన్నపిల్లలు దాచిపెట్టిన బహుమతి బయటికి తీసేటప్పుడు అలా ఉంటారు.

"చెప్పకూడదనుకున్నాను, కానీ ఆగలేకపోతున్నా. పొద్దున్న ఏడింటికి నీ తలుపు ఎవరు కొడతారో తెలుసా? టీ ఎవరు తెస్తారో తెలుసా? నేను! ఈ ఒక్క ప్రయాణానికి మళ్ళీ పనిలో పేరు రాయించుకున్నాను. చలికాలం జబ్బులతో మనుషులు తక్కువగా ఉన్నారట, మా చీఫ్ స్టూవర్డు వెంటనే ఒప్పేసుకున్నాడు. ఆర్మోరికాలో నాకంటే బాగా క్యాబిన్ చూసుకునేవాడు లేడు ఆలివ్. దొరసానులకి చేసిన సేవ ఒక్క ట్రిప్పు నీకు చేస్తాను. పక్క దులపడం దగ్గర్నుంచి, వేడినీళ్ళ సీసా దాకా!"

ఆలివ్ పటం వైపే చూస్తోంది. రెండు గీతలూ నూట పద్దెనిమిది దగ్గర తప్ప ఎక్కడా కలవలేదు.

"భోజనం?" అంది.

"నీకు మంచి బల్ల చూస్తారు. ఆరుగురు కూర్చునేది. మంచివాళ్ళే ఉంటారు."

"నువ్వు?"

"నేనెలా కూర్చుంటాను? పనిలో ఉంటాను కదా," అన్నాడు విల్ఫ్, అంత సులువైన సంగతి అడిగిందేమిటా అన్నట్టు.

ఆలివ్ టీ కెటిల్ తీసింది. పటం ఆ మూల చుట్టుకుపోయింది.

*

మర్నాడు పెరట్లో బట్టలారేస్తుంటే పక్కింటి క్వీనీ ప్రాగ్నెల్ గోడ మీద నుంచి తల పెట్టింది. క్వీనీ మొగుడు హెర్బ్ ఆర్మోరికాలో రొట్టెలు చేస్తాడు. రేపు ఓడ కదులుతుంది కాబట్టి క్వీనీ కూడా ఇవాళే ఉతుకుతోంది. ఓడ కదిలే రోజు ఉతికితే మగాడు నీళ్ళలో కొట్టుకుపోతాడని ఆ వీధిలో ఏ ఇల్లాలూ తొట్టిలో చెయ్యి పెట్టదు.

"ఏం పిల్లా, మొహం అలా ఉంది? మచ్చ మానిపోయిందన్నావుగా?"

ఆలివ్ సంగతంతా చెప్పింది. క్వీనీ నోట్లో ఉన్న బట్టల క్లిప్పు తీసి మరీ విన్నది.

"అంటే నువ్వు ఓడలో ఉండి కూడా ఓడ కదిలే రోజున బట్టలు ఉతక్కుండా ఆగాలన్నమాట! ఎవరికీ రాని యోగం." పకపకా నవ్వి, ఆలివ్ నవ్వకపోవడం చూసి ఆపేసింది. "అది కాదే. మా హెర్బ్‌గాడైతే ఓడకి తీసుకెళ్ళమంటే పిల్లికి టికెట్ కొంటాడు గానీ నాకు కొనడు. మీవాడు పొద్దున్నే టీ ఇస్తానంటున్నాడు. దొరసానిలా పడుకో."

"పదకొండు వారాలు పడుకున్నాను క్వీనీ. పొద్దున్నే ఎవరో ఒకరు తలుపు తోసుకుని టీ తెచ్చేవాళ్ళు. నాకు టీ వద్దు. మనిషి ఎదురుగా కూర్చోవాలి."

క్వీనీ చేతిలో క్లిప్పు గోడ మీద పెట్టింది. "ఈ మాట ఆయనతో అన్నావా?"

"అంత సంతోషంగా చెప్పాడు. ఎలా అనను?"

"నాకు చెప్పావుగా, అలాగే. గోడ ఒకటి అడ్డం ఉంటే చెప్పడం తేలిక, నిజమే. పోనీ ఆయన్ని మా పెరట్లోకి పంపించనా?"

*

సాయంత్రం విల్ఫ్ బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నాడు, నిలబడే. పక్కన కుర్చీ ఖాళీగా ఉంది. ఇంట్లో కూడా ఆయన సరిగా కూర్చోడని ఆలివ్‌కి ఎప్పుడూ తెలిసిన సంగతే. కుర్చీ అంచు మీద ఆని, ఎవరైనా ఉప్పు అంటే ఉప్పుతో, నీళ్ళంటే నీళ్ళతో లేచి ఉంటాడు. ఇన్నాళ్ళూ అది మంచితనమనుకుంది.

"విల్ఫ్, నాకు స్టూవర్డు వద్దు," అంది. "నేను అడిగింది నిన్ను. నువ్వు పేరు కొట్టేయించుకుని నాతో టికెట్ కొనుక్కో. లేదంటే ఇద్దరం మానేద్దాం. ఒక్కదాన్నే ఆ బల్ల దగ్గర కూర్చోలేను."

విల్ఫ్ చేతిలో కత్తి ఆగింది. దుంపతోనే చెబుతున్నట్టు మెల్లగా అన్నాడు.

"నాకు కూర్చోవడం రాదు ఆలివ్."

"రాకపోవడమేమిటి?"

"ఉద్యోగంలో చేరిన మూడో ఏడు. క్యాబిన్ ఖాళీగా ఉంది, నడుం లాగేస్తోంది. మంచం అంచు మీద ఒక్క నిమిషం కూర్చున్నాను. పై అధికారి చూశాడు. అందర్నీ పిలిచి, ఆ పక్క మీద పడిన ముడత చూపించి, ఇది నోయిస్ గారి ఆసనం అన్నాడు. ఆ ట్రిప్పంతా నన్ను 'నోయిస్ దొరగారూ' అని పిలిచారు. ఆ తర్వాత అక్కడ ఎప్పుడూ కూర్చోలేదు. ఇప్పుడు ఆ హాల్లో కూర్చుంటే, మావాళ్ళు వడ్డిస్తుంటే... నా కాళ్ళు ఒప్పుకోవు. లేచి పళ్ళాలు తీసేస్తాను. నీ పరువు పోతుంది. అదే పనిలో ఉంటే ఎలా ఉండాలో నాకు తెలుసు. నిన్ను బాగా చూసుకోగలను."

ఆలివ్ కోపం సగంలో ఆగిపోయింది. నిన్న ఆయన పటం మీద వంగి గీసిన గీత ఎందుకు తెల్లటి చోటులోకి దిగిందో ఇప్పుడు అర్థమైంది. అది ఆమెకి ఇస్తున్న బహుమతి ఒక్కటే కాదు, ఆయన దాక్కునే చోటు కూడా.

"ఆసుపత్రిలో కూర్చున్నావుగా," అంది.

"ఏమిటీ?"

"నా మంచం పక్కన. ఇనుప కుర్చీ, దానికి ఒక కాలు పొట్టి. రెండింటికి వచ్చేవాడివి, నాలుగింటికి నర్సు గంట కొట్టినా లేచేవాడివి కాదు. ఒకరోజు టోపీ నెత్తిన పెట్టి మరీ బయటికి తోసింది గుర్తుందా? రోజూ వచ్చావు. వెనక్కి చేరగిలబడి కూర్చున్నావు. ఒకసారి గురక కూడా పెట్టావు."

"అది వేరు."

"ఎలా వేరు?"

"అక్కడ నాకు ఇంకేమీ కనపడలేదు," అన్నాడు విల్ఫ్. "నిన్ను చూస్తూ కూర్చున్నాను. నువ్వు గాలి పీలుస్తున్నావా లేదా అని."

"ఇక్కడా నన్నే చూడు. ఇంకా పీలుస్తూనే ఉన్నాను."

విల్ఫ్ ఆ దుంపని అటూ ఇటూ తిప్పాడు. చెక్కు ఎప్పుడో అయిపోయింది. దాన్ని నీళ్ళలో వేసి, చేతులు తుడుచుకుని, ఖాళీ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. వెనక్కి మాత్రం ఆనలేదు.

"చీఫ్‌కి ఏమని చెప్పను? మాటిచ్చాను. మనుషుల్లేక ఇబ్బంది పడుతున్నారు," అన్నాడు.

"ఉన్నదున్నట్టు చెప్పు. నేనూ వస్తాను."

"నువ్వా? చీఫ్ దగ్గరికా?"

"అరుస్తాడా?"

"అరవడు. నవ్వుతాడు. అది ఇంకా కష్టం."

*

ఆర్మోరికా మళ్ళీ రేవుకి వచ్చాక ఇద్దరూ వెళ్ళారు. చీఫ్ స్టూవర్డు హేగేట్ రేవులో చిన్న గదిలో కూర్చుని జనవరి ప్రయాణానికి మనుషుల జాబితా రాస్తున్నాడు. బల్ల కింద బొగ్గుల కుంపటి, మెడకి మూడు మఫ్లర్లు. ఆలివ్‌ని చూసి లేచి నిలబడి, తన కుర్చీ ఇచ్చాడు.

విల్ఫ్ టోపీ చేతిలో నలుపుతూ, "సార్, నా పేరు... అంటే, మా ఆవిడ..." అని ఆగిపోయాడు.

"ఈయన పేరు కొట్టేయండి మిస్టర్ హేగేట్," అంది ఆలివ్. "నాతో ప్రయాణం చేస్తున్నాడు. మీకు ఇబ్బందే, క్షమించాలి."

హేగేట్ ఆమెని చూశాడు, విల్ఫ్‌ని చూశాడు. జాబితాలో వేలు పెట్టి కిందికి జరిపాడు. "మీరూ ఈ ప్రయాణంలోనే వస్తున్నారా? ఏ క్యాబిన్?"

"సి నూట పద్దెనిమిది," అన్నాడు విల్ఫ్. "దానికోసమే కదా సార్ పేరు ఇచ్చింది. ఆ వరస నేనే చూసుకుందామని."

"నూట పద్దెనిమిదా? నోయిస్, నిన్ను వేసింది ముందు కొసన, ఏ అంతస్తులో! ఆ వరస నీదని నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు సార్. నేను... అనుకున్నాను."

"ముందు కొస నుంచి నూట పద్దెనిమిదికి టీ తెస్తే కప్పులో చెంచాడు కూడా మిగలదు, ఆ అలల్లో. వారం మొత్తంలో నీ భార్యని ఒక్కసారి కూడా చూసి ఉండేవాడివి కాదు." హేగేట్ నిజంగానే నవ్వాడు, మఫ్లర్లు కదిలేలా. "అయినా నేను నీ పేరు రాసింది నాకు మనుషుల్లేక కాదయ్యా. నీ మొహం చూసి. నేల మీద ఉండలేక వచ్చావనుకున్నాను. బతికించావు. నీ చోటుకి వెయిటింగులో నలుగురున్నారు."

ఆలివ్ ఊపిరి వదిలింది. పక్కన విల్ఫ్ కూడా అప్పుడే వదిలాడు. ఆ రెండు శబ్దాలూ ఒకేసారి వినపడి హేగేట్ మళ్ళీ నవ్వాడు. రూళ్ళకర్ర పెట్టి, నోయిస్ పేరు మీద చక్కగా గీత గీశాడు.

"టికెట్ కౌంటరు పక్క గదిలో. భోజనం ఏ బంతికి? మొదటి బంతి ఆరున్నరకి, పిల్లలుంటారు, గోల. రెండోది ఎనిమిదికి."

విల్ఫ్ అలవాటుగా భార్య వైపు చూశాడు, ఆమె ఏం అడిగితే అది తేవడానికి సిద్ధంగా. మాట ఆయన నోట్లోంచే రావాలని ఆలివ్ ఆగింది.

"రెండో బంతికి," అన్నాడు విల్ఫ్ చివరికి. "ఇద్దరికి. ఎదురెదురుగా, సార్."

"ఇద్దరికంటే చిన్న బల్లలు మీ తరగతిలో లేవు. ఆరుగురి బల్లే. కానీ జనవరి కదా," అని కన్ను కొట్టాడు హేగేట్, "రెండో రోజుకి మిగతా నలుగురూ వాళ్ళంతట వాళ్ళే లేచిపోతారు."

*

రెండో రోజు కాదు, మొదటి సాయంత్రమే లేచిపోయారు. ఆర్మోరికా ఇంగ్లీష్ చానల్ దాటకముందే గాలి పడమటి నుంచి తిరగబడింది. రెండో బంతికి గంట మోగేసరికి హాల్లో సగం బల్లలు ఖాళీ. ఆలివ్, విల్ఫ్ ఉన్న బల్లకి ఒక పాదరీ, ఆయన భార్య వచ్చి, మెనూ చదివి, రెండో పంక్తి దగ్గర చేతులు పట్టుకుని వెళ్ళిపోయారు. మిగతా ఇద్దరూ అసలు రానేలేదు.

ఆలివ్ తన ఆకుపచ్చ ఉన్ని గౌను వేసుకుంది. విల్ఫ్ కోటు వేసుకుని, కుర్చీ చేతులు రెండూ గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. ఓడ ఊగుతున్నందుకు పట్టుకున్నాడని చూసేవాళ్ళు అనుకుంటారు. ఆలివ్‌కి తెలుసు.

వడ్డన కోసం వచ్చింది బాస్కమ్. విల్ఫ్‌తో పదహారేళ్ళు ఒకే గదిలో పడుకున్నవాడు. ట్రే భుజం మీద పెట్టుకుని, మొహంలో ఒక్క గీత కూడా కదలకుండా వచ్చి నిలబడ్డాడు.

"శుభ సాయంత్రం మేడమ్. శుభ సాయంత్రం... సార్."

ఆ 'సార్'కి ముందు చిన్న ఖాళీ ఉంది. విల్ఫ్ చెవులు ఎర్రబడ్డాయి. మోకాళ్ళు లేవబోయాయి. బల్ల కింద ఆలివ్ తన బూటు ఆయన బూటు మీద పెట్టి నొక్కింది. ఆయన ఆమె మొహం వైపు చూశాడు. చూస్తూనే కూర్చున్నాడు. మెల్లగా వీపు కుర్చీకి ఆనింది.

బాస్కమ్ సూపు పోసి, రెండడుగులు వెనక్కి వెళ్ళి గోడ పక్కన నిలబడ్డాడు. ఆలివ్ ఒక చెంచా తాగింది. వెచ్చగా ఛాతీలోకి దిగింది.

"ఎలా ఉంది?" అంది.

విల్ఫ్ తాగాడు. ఇంకో చెంచా తాగాడు. కనుబొమలు ముడిపడ్డాయి. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఎదుటివాళ్ళ మొహాల్లో చూసిన ముడి అది.

"ఉప్పు తక్కువైంది," అన్నాడు గుసగుసగా.

"అయితే చెప్పు."

"ఎవరికి?"

"ఆయనకి. అందుకే నిలబడ్డాడు."

విల్ఫ్ గొంతు సవరించుకున్నాడు. ఒక వేలు ఎత్తాడు, పూర్తిగా కాదు, సగం. బాస్కమ్ ముందుకొచ్చాడు.

"మిత్రమా, ఈ సూపులో ఉప్పు తక్కువైంది," అన్నాడు విల్ఫ్.

"వెంటనే చూస్తాను సార్," అన్నాడు బాస్కమ్. ఈసారి ఖాళీ లేదు. వంగి ఉప్పు సీసా పెడుతూ, పెదవులు కదలకుండా విల్ఫ్ చెవిలో అన్నాడు: "ఫిర్యాదు చెయ్యడానికి ముప్పై ఏళ్ళు పట్టిందిరా దొంగ వెధవా. బాగా తిను."

ఆలివ్ నవ్వు ఆపుకోలేకపోయింది. ఖాళీ బల్లల మీదుగా ఆ నవ్వు హాలంతా వినపడింది. విల్ఫ్ తన సూపులో ఉప్పు వేసుకుని, సీసా ఆమె వైపు జరిపాడు. లేచి కాదు, కూర్చునే.